చంద్రునికొక నూలుపోగు

విదియనాటి సాయంకాలము పడమటి ఆకాశమున సన్నని నెలవంక కనబడగానే, మన పల్లెలలోని పెద్దలు కట్టుకొన్న బట్టనుండి ఒక నూలుపోగును లాగి, దానిని చంద్రునివైపు చూపి నమస్కరించుట కలదు. చంద్రునికి వస్త్రము సమర్పించితిమని వారి భావము. లోకమంతటిని వెలిగించు చంద్రునకు మన బట్టలోని పోగుతో పనియేమి? ఏమియు లేదు. అయినను ఇచ్చువాని మనస్సు ఆ పోగులో నున్నది. గొప్పవారికి మన శక్తికొలది సమర్పించు చిన్న కానుకను ‘చంద్రునికొక నూలుపోగు’ అని తెలుగువారు చెప్పుకొనుట ఈ ఆచారమును బట్టియే.

బాలబాలికలారా! ఈ సామెత మీకు ఏటేట అక్కరకు వచ్చు సందర్భము ఒకటి కలదు. పండుగనాడు మీకంటె వయస్సునను ధనమునను మిక్కిలి పెద్దవారైన బంధువులకు కానుక నీయవలసివచ్చును. మీ చేతిలో నున్నది కొలది సొమ్ము. వారి ఇంటిలో లేని వస్తువు లేదు. అప్పుడేమి చేయవలెను? ఏ మతమువారి పండుగకైనను ఈ చిక్కు ఒక్కటియే. క్రిస్మసు కానుకల పండుగగా ప్రసిద్ధికెక్కినది కావున, దానినే ఉదాహరణముగా గ్రహించి ఈ విషయమును విచారింతము.

డిసెంబరు నెల ప్రవేశించుసరికి తెలుగునాట క్రైస్తవుల ఇండ్లముందు వెదురుబద్దలకు రంగుకాగితములు అంటించి కట్టిన నక్షత్రములు వెలుగుచుండును. రాత్రులయందు యువతీయువకులు గుంపులుగా ఇంటింటికి పోయి క్రీస్తు జన్మమును గూర్చిన పాటలు పాడుదురు. ఇండ్లలో అరిసెలు, జంతికలు వండుదురు; కేకులు తెప్పింతురు. 25వ తేదీన క్రొత్తబట్టలు ధరించి, చర్చిలో ప్రార్థన ముగించుకొని వచ్చి, పిండివంటల పళ్ళెములను మతభేదము పాటింపక ఇరుగుపొరుగువారికి పంపుదురు. మెదకు పట్టణమున 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడిన గొప్ప చర్చికి ఆనాడు వచ్చు జనసమూహము చూడదగినది.

ఈ పండుగకును కానుకకును గల సంబంధము చాల పాతది. తూర్పుదేశపు జ్ఞానులు ఒక నక్షత్రమును అనుసరించి వచ్చి, శిశువైన యేసునకు బంగారమును, సాంబ్రాణిని, బోళమును సమర్పించిరని మత్తయి వ్రాసిన సువార్తలో కలదు. ఆ జ్ఞానులు ముగ్గురని లోకమున వాడుక. సువార్తలో మాత్రము వారి సంఖ్య చెప్పబడలేదు. కానుకలు మూడగుటచే ఇచ్చినవారును ముగ్గురై యుందురని తరువాతివారు తలచిరి. ఇచ్చినవారి సంఖ్య మరుగుపడినను ఇచ్చిన కానుకలు జనుల జ్ఞాపకమున నిలిచిపోయినవి. మరియొక కథ కలదు. నాలుగవ శతాబ్దమున, నేటి తుర్కీ దేశములోని మైరా నగరమున నికొలాసు అను మతాచార్యుడు ఉండెను. ఆయన ఒక పేదవాని యింటిలో రాత్రివేళ రహస్యముగ ధనమును పడవేసి పోయెనని చెప్పుదురు. ఆయన పేరు డచ్చివారి నోట మార్పుచెంది, తుదకు ‘శాంటాక్లాజు’ ఆయెను. మన పిల్లలు క్రిస్మసు తాత యని పిలుచునది ఆయననే.

ఈ రెండు కథలలోను కానుక ఏ దిక్కునకు నడచినదో గమనింపుడు. ధనము గలవారు పేదవారికి ఇచ్చిరి. పెద్దలు పిన్నలకు ఇచ్చిరి. నీరు పల్లమునకు పారుట సహజము. తాత మనుమనికి చొక్కా కొనిపెట్టుట సులభము. మనుమడు తాతకు కానుక తెచ్చుట మాత్రము ఏటికి ఎదురీదుట వంటిది. అందుచేతనే ఆ పనికి ఆలోచన ఎక్కువ కావలెను.

ఇట్టి సందర్భమున మనుష్యులు సాధారణముగ రెండు పొరపాట్లలో ఒకటి చేయుదురు.

మొదటి పొరపాటు: “వారికేమి తక్కువ? మనమిచ్చుట యెందులకు?” అని ఊరకుండుట. ఈ మాట వినుటకు వినయముగనే యుండును. కాని ఆలోచించిన యెడల ఇందు వినయము లేదు. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో కానుకలను గూర్చి ఒక ప్రసిద్ధ గ్రంథమును వెలువరించెను. దూరదూరములనున్న అనేక జాతుల ఆచారములను పరిశీలించి, కానుకతో మూడు విధులు ముడిపడియున్నవని అందు ఆయన చూపెను. ఇచ్చుట మొదటిది, పుచ్చుకొనుట రెండవది, మరల ఇచ్చుట మూడవది. ఈ మూడును నడచుచున్నంతకాలము బాంధవ్యము నడచును. ఎల్లప్పుడు పుచ్చుకొనుచు ఎన్నడును ఈయనివాడు క్రమముగ బంధుత్వమును పోగొట్టుకొని ఆశ్రితుడగును. వాని తల తనకు తెలియకుండగనే వంగిపోవును. కావున పేదబంధువు ధనికబంధువునకు ఇచ్చు చిన్న కానుక ఆ ధనికుని అవసరము తీర్చుటకు కాదు. “నేను మీవాడను, మీ ముందర యాచకుడను కాను” అని తెలుపుటకు.

ఇందు మరియొక విశేషము కలదు. ధనికుల యింటికి వచ్చువారిలో ఏదో యొకటి అడుగుటకు వచ్చువారే ఎక్కువ. ఉద్యోగము కొరకు ఒకరు, చందా కొరకు ఒకరు, అప్పు కొరకు ఒకరు వత్తురు. ఏమియు అడుగక, ఏదో యొకటి చేతబట్టుకొని వచ్చు మనుష్యుని వారు అరుదుగ చూతురు. ముసలితనమున ఈ కొరత మరింత తెలియును.

రెండవ పొరపాటు: వారి అంతస్తునకు తగిన వస్తువును కొనవలెనని తలచి, అప్పుచేసి, శక్తికి మించి వెచ్చించుట. ఇది మొదటిదానికంటె ప్రమాదకరము. ధనికుని ధనముతో ఓడింపలేము. మనము నెలజీతము పోసి కొన్న వస్తువు వారి అలమరలో అట్టిదే మరియొకదాని ప్రక్కన నిలుచును. ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ అను ఇద్దరు పరిశోధకులు 2009లో ప్రకటించిన వ్యాసములో ఈ విషయము కలదు. కానుక వెల హెచ్చినకొలది పుచ్చుకొనువారి సంతోషము హెచ్చునని ఇచ్చువారు నమ్ముచుండిరి. కాని పుచ్చుకొన్నవారి సంతోషము వెలతోపాటు పెరుగలేదు. వెల యెంతయను చింత ఇచ్చువానిదే గాని పుచ్చుకొనువానిది కాదని దీనివలన తేలుచున్నది.

అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు జోయెల్ వాల్డ్‌ఫోగెల్ 1993లో క్రిస్మసు కానుకలను గూర్చియే ఒక వ్యాసము వ్రాసెను. ఆయన కళాశాల విద్యార్థులను రెండు ప్రశ్నలు అడిగెను. “మీకు వచ్చిన కానుకల వెల యెంతయుండును? ఆ వస్తువులు మీకు ఎంత విలువ చేయును?” సమాధానములను పోల్చిచూడగా, వెలలో పదవవంతు మొదలు మూడవవంతు వరకు వృథాయగుచున్నట్లు కనబడెను. వంద రూపాయల వస్తువు పుచ్చుకొన్నవానికి అరువదియేడు మొదలు తొంబది రూపాయల వరకే విలువచేసినదన్నమాట. అయితే ఆయన తన రెండవ ప్రశ్నలో ఒక నియమము పెట్టెను. ఇచ్చినవారియందలి ప్రేమాభిమానముల విలువను లెక్కలోనికి తీసికొనరాదని విద్యార్థులకు చెప్పెను. అనగా అంగడిలో కొనగల భాగమున మాత్రమే ఈ నష్టము కలుగుచున్నది. ఆయన లెక్కనుండి తీసివేసిన భాగమే పేదబంధువునకు మిగిలిన భాగము. ఆ చోట వాడు ఎంత ధనికునితోనైనను సమానుడు.

మన పూర్వులు ఈ సత్యమును కథలలో నిలిపియున్నారు. భాగవతము దశమస్కంధములోని కుచేలుడు ద్వారకకు పోవునపుడు చిరుగుబట్ట కొంగున కొంచెము అటుకులు ముడివేసికొని పోయెను. ఆ నగర వైభవమును చూచిన పిదప ఆ ముడిని విప్పుటకు సిగ్గుపడెను. శ్రీకృష్ణుడే, “నాకేమి తెచ్చితివి?” అని అడిగి, ఆ ముడిని తాను విప్పి, పిడికెడు అటుకులు ప్రీతితో ఆరగించెను. క్రైస్తవుల గ్రంథములో మార్కు సువార్తయందును ఇట్టి వృత్తాంతము కలదు. దేవాలయమున ధనికులు కానుకపెట్టెలో విస్తారముగ ధనము వేయుచుండిరి. ఒక పేద విధవరాలు వచ్చి రెండు చిన్న కాసులు వేసెను. వారందరికంటె ఆమెయే ఎక్కువ ఇచ్చెనని యేసు తన శిష్యులతో చెప్పెను. ఏలయన, వారు తమకు మిగిలినదానిలోనుండి ఇచ్చిరి. ఆమె తనకున్నదంతయు ఇచ్చెను.

అయితే, “ప్రేమ యుండిన చాలును, ఏది యిచ్చినను ఒకటియే” అనుకొనుట తగదు. ప్రేమ కలవాడు ఆలోచించును. కుచేలుడు తెచ్చిన అటుకులు ఎవరో ఊరక ఎన్నుకొన్నవి కావు. కృష్ణుడు ఎరిగిన మిత్రునికి, ఆ మిత్రుని యింటినుండి వచ్చినవి. కావున కానుకను ఎన్నుకొనునపుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను.

వారికి కొరవడినది యేమి? ధనికునకు వస్తువులు కొరవడవు. వృద్ధునకు మాత్రము అనేకము కొరవడును. నలుబదియేండ్లు దాటినపిమ్మట కంటిలోని కటకము సాగుగుణమును కోల్పోవుటచే దగ్గరి అక్షరములు కనబడవు. దీనినే చత్వారము అందురు. మరికొంత వయస్సు వచ్చిన తరువాత శుక్లము క్రమ్మును. వ్రేళ్ళు సూదిలో దారము ఎక్కింపలేవు. చెవులు మందగించును. తమ చిన్ననాటి ముచ్చటలు తెలిసినవారు ఒక్కొక్కరే కనుమరుగగుదురు. ఇవియన్నియు కన్నులు తెరచి చూచువానికి తెలియును.

మన చేతిలో నున్నది యేమి? బాలురకు ధనము లేకపోయినను మూడు సంపదలు కలవు. చూపు, ఓపిక, సమయము. ఆ మూడును వృద్ధులకు తరుగుచుండును. మనకు ఎక్కువగను వారికి తక్కువగను ఉన్నదానిని ఇచ్చుటయే తెలివి.

ఇచ్చినపిమ్మట అది వారికి భారమగునా? మధుమేహము గలవారికి మిఠాయిపెట్టె పెట్టరాదు. ఇల్లంతయు నిండియున్నవారికి మరియొక గాజుబొమ్మ ఈయరాదు. నడువలేనివారికి రోజును నీరుపోయవలసిన పూలకుండీల వరుస తగదు.

వస్తువునే కొనదలచినచో చిన్నదైనను చక్కనిదానిని కొనవలెను. పశ్చిమగోదావరి ప్రాంతములోని నరసాపురము, పాలకొల్లు పరిసరములయందు స్త్రీలు సన్నని దారమును కొక్కెపు సూదితో అల్లి లేసు తయారుచేయుదురు. పందొమ్మిదవ శతాబ్దమున స్కాట్లండు నుండి వచ్చిన మిషనరీలు ఈ విద్యను అచ్చటి స్త్రీలకు నేర్పిరి. 2024లో ఈ అల్లికలకు భౌగోళిక గుర్తింపు లభించినది. అయితే ఇందు ఒక కష్టగాథయు కలదు. మరియా మీస్ అను జర్మను సామాజికశాస్త్రజ్ఞురాలు 1982లో ఈ స్త్రీలను గూర్చి ఒక గ్రంథము వ్రాసి, దేశాంతరములకు ఎగుమతియగు అల్లికలకు వారికి ముట్టు కూలి మిక్కిలి స్వల్పమని చూపెను. ఒక పెద్ద మేజాబట్టను కొనలేనివాడు, గ్లాసు క్రింద పరచు చిన్న లేసుముక్కను అల్లినవారి చేతినుండియే తగిన వెలయిచ్చి కొనవచ్చును. అట్లే వరాహనదీ తీరముననున్న ఏటికొప్పాక గ్రామమున అంకుడుకర్రను చరకుపై తిప్పి, లక్కరంగులు పూసి, బొమ్మలను భరిణెలను చేయుదురు. ఇట్టి చిన్నభరిణె మందుబిళ్ళలు దాచుకొనుటకు పనికివచ్చును. ఇట్టి కానుక ఇద్దరికి అందును. పుచ్చుకొన్నవారికి ఒక వస్తువు, చేసినవారికి ఒకనాటి కూడు.

ఇక కొనుటకంటె చేయుట యెట్లుండునో ఒక ఉదాహరణము ద్వారా చూతము. కృష్ణాడెల్టాలోని ఒక గ్రామమున ఒక క్రైస్తవ కుటుంబమును ఊహించుకొందము. తండ్రి బట్టలు కుట్టి జీవించువాడు. కుమార్తె ఎనిమిదవ తరగతియు, కుమారుడు ఆరవ తరగతియు చదువుచుండిరి. పిల్లలకు గుంటూరులో ఒక మేనత్త కలరు. ఆమెకు అరువదియెనిమిదేండ్లు. తల్లి కాయకష్టమునకు పోయిన రోజులలో చిన్నతమ్ముని ఎత్తుకొని పెంచినది ఆమెయే. భర్త గడించిన ఆస్తి మిక్కుటముగ నున్నది. కుమారులిద్దరును అమెరికాలో స్థిరపడిరి. మేనకోడలి బడిఫీజు ఏటేట ఆమెయే కట్టుచుండిరి. క్రిస్మసునాడు మధ్యాహ్న భోజనమునకు ఈ కుటుంబము ఆమె యింటికి పోవుట వాడుక.

నవంబరు రెండవ వారమున ఒక రాత్రి తండ్రి ఇట్లనెను: “ఈ యేడు అక్కకు మంచి గోడగడియారము కొందము. రెండువేల అయిదువందలు అగును. తెలిసిన అంగడియే. అరువు ఇత్తురు. వట్టి చేతులతో పోయిన మన ముఖమేమి నిలుచును?”

తల్లి కొంతసేపు ఊరకుండి, “అరువు తెచ్చిన గడియారము వదినగారి గోడమీద గంట కొట్టినప్పుడెల్ల మన గుండెలో కొట్టును. ఆమె యింట గడియారములు లేవా?” అనెను.

పిల్లల మట్టిహుండీ పగులగొట్టి చూడగా రెండువందల అరువది రూపాయలు ఉండెను. “దీనితో ఏమి వచ్చును?” అని బాలుడు దిగులుపడెను. అప్పుడు బాలికకు ఒక సంగతి జ్ఞప్తికి వచ్చెను.

“నాన్నగారూ, కిందటి క్రిస్మసునాడు చర్చిలో నేను అత్తయ్య ప్రక్కన కూర్చుంటిని. కీర్తనల పుస్తకమును చేయిచాచి దూరముగ పట్టుకొని చూచిరి. తరువాత మూసి ఒడిలో పెట్టుకొనిరి. ‘అక్షరములు చీమలబారువలె నున్నవే అమ్మాయీ’ అనిరి. మూడవ చరణము నోటికి రాక పెదవులు మాత్రమే కదిపిరి.”

“అన్నయ్యలు పంపిన ఫోనులో అక్షరములు పెద్దవి చేసికొనవచ్చును గదా?” అని తమ్ముడు అడిగెను.

“వ్రేలు తగిలినంతనే పుట మారిపోవుచున్నదని అత్తయ్య దానిని ప్రార్థనకు తీసికొనిరారు. మనమే పెద్ద అక్షరములతో ఒక పుస్తకము వ్రాయుదము.”

తండ్రి తల ఊపెను గాని ఆయనకు తృప్తి కలుగలేదు. ఆ గ్రంథములో కీర్తనలు వందలకొలది కలవు. అన్నిటిని వ్రాయుట అసాధ్యము. దినమునకు ఒకటి చొప్పున ముప్పది కీర్తనలు వ్రాయవచ్చునని పిల్లలు నిర్ణయించుకొనిరి. ఏ ముప్పది? ఈ ప్రశ్నయే అసలైన పని యాయెను. తాతగారు జీవించియున్న కాలమున ఇంటిలో సాయంకాల ప్రార్థనయందు ఏ కీర్తనలు పాడుచుండిరో తండ్రిని అడిగిరి. ఆయన కడగొట్టువాడగుటచే పదునైదింటికంటె చెప్పలేకపోయెను. మిగిలినవి చెప్పుటకు ఆ వీధిలోనే ఎనుబదియేండ్లు దాటిన ఒక వృద్ధురాలు దొరకెను. పిల్లలు బడి విడిచిన తరువాత నాలుగు సాయంకాలములు ఆమె అరుగుమీద కూర్చుండి, ఆమె పాడగా వినిరి. ఆ పాటలలో పురుషోత్తమ చౌదరి రచించినవియు కొన్ని కలవు. ఆయన 1803 మొదలు 1890 వరకు జీవించిన కవి. పల్లవి, చరణములు గల ఆయన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవుల ఇండ్లలో తరతరములుగ నిలిచియున్నవి. తాము ప్రతివారము పాడు పాటకు ఒక కర్త ఉన్నాడని ఆ పిల్లలకు ఆనాడే తెలిసెను.

గీతలులేని పెద్ద పుస్తకము నూట ఇరువది రూపాయలు, నల్లసిరా కలములు రెండు నలుబది రూపాయలు అయినవి. తమ్ముడు సీసపుకలముతో గీతలు గీసి ఇచ్చుచుండెను. అక్క అర అంగుళము ఎత్తున గుండ్రని అక్షరములు వ్రాయుచుండెను. సిరా కాగితము వెనుకకు దిగుచుండుటచే కుడిప్రక్క పుటలమీదనే వ్రాసి, ఎడమప్రక్క పుటలను ఖాళీగ విడిచిరి. ఒత్తు తప్పినచోట పుట చింపివేసి మరల వ్రాసిరి. ఒకనాడు పరీక్షలు, ఒకనాడు జ్వరము అడ్డువచ్చెను. అయినను డిసెంబరు 22వ తేదీకి ముప్పదియవ కీర్తన ముగిసెను. ఆ రాత్రి తండ్రి కుట్టుమిషను ముందు కూర్చుండి, మిగిలిన మంగళగిరి నేతగుడ్డతో ఆ పుస్తకమునకు ఒక అట్టతొడుగు కుట్టెను. ఏమియు అనలేదు గాని, అంచులను రెండుసార్లు కుట్టెను. హుండీలో మిగిలిన నూరు రూపాయలను పిల్లలు చర్చిలో కానుక వేయుటకు వేరుగ ఉంచుకొనిరి.

పండుగనాడు మేనత్తగారి యింట బల్లమీద అమెరికానుండి వచ్చిన పెట్టెలు రెండు మూడు ఉండెను. ఒకదానిని ఇంకను విప్పలేదు. భోజనమునకు ముందు బాలిక పుస్తకమును ఆమె చేతికిచ్చెను. ఆమె కళ్ళజోడు పెట్టుకొని మొదటి పుట చూచిరి. తరువాత కళ్ళజోడు తీసివేసి చూచిరి. పుటలు త్రిప్పుచు పోయి, ఒకచోట ఆగిరి.

“ఇందులో ఒక చరణము లేదే!” అనిరి.

పిల్లల ముఖములు చిన్నవైనవి. “అచ్చుపుస్తకములో ఉన్నంతవరకు వ్రాసితిమి, అత్తయ్యా” అని బాలిక అనెను.

“అచ్చుపుస్తకములో ఉండదు. మా నాన్నగారు దీనిని వారి తండ్రిగారి నోట నేర్చుకొనిరి. చివర ఒక చరణము ఉండెడిది” అని ఆమె మెల్లగ పాడిరి. గొంతు రెండుచోట్ల తడబడెను. తండ్రి తల యెత్తి చూచెను. కడగొట్టువాడగుటచే ఆ చరణము ఆయన యెన్నడును వినలేదు. తమ్ముడు జేబులోని కలము తీసి, ఎదుటనున్న ఖాళీపుటమీద ఆమె చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనెను.

ఆమె పుస్తకమును మెచ్చుకొనుచు మాటలేమియు చెప్పలేదు. ఎప్పటివలెనే అందరికి వడ్డించిరి. ఎప్పటివలెనే అరిసెలు కట్టి ఇచ్చిరి. బయలుదేరునపుడు మాత్రము తమ్మునితో, “పిల్లలను వచ్చే ఆదివారము పంపుము. ఇంకను నాలుగు పాటలు జ్ఞాపకమున్నవి. ఎడమప్రక్క పుటలు ఖాళీగనే ఉన్నవి గదా!” అనిరి.

ఆ కానుకకు అయిన ఖర్చు నూట అరువది రూపాయలు. గడియారమునకు అయ్యెడి ఖర్చులో అది పదునైదవ వంతుకంటె కొంచెము తక్కువ. అయినను ఆ గడియారము చేయలేని పనిని ఇది చేసెను. ఒకరి కంటికి అక్షరములు చూపెను. మరుగుపడనున్న ఒక చరణమును కాగితముమీదికి తెచ్చెను. ఇచ్చినవారికిని పుచ్చుకొన్నవారికిని ముందు ఆదివారము కలిసికొనుటకు ఒక కారణమును కల్పించెను. తండ్రి నెత్తిమీద అప్పు మోపలేదు.

కానుకను ఎన్నుకొనుటతో పని ముగియదు. ఇచ్చు తీరు కూడ తెలిసియుండవలెను. ఇచ్చునపుడు వెల చెప్పరాదు. “ఏదో మాబోటివారము తెచ్చినది, మీకు నచ్చునో నచ్చదో” అని పదేపదే కించపరచుకొనరాదు. అట్లు చెప్పిన యెడల పుచ్చుకొన్నవారు మనలను ఓదార్చవలసివచ్చును. వారు బదులుగ ఏమి యిత్తురో అని చూడరాదు. ముఖ్యముగ, ఆస్తిమీదనో, సహాయముమీదనో కన్నుంచి కానుక ఈయరాదు. అది కానుక కాదు. గాలమునకు గ్రుచ్చిన ఎర. వృద్ధులు ఎన్నో సంవత్సరములు మనుష్యులను చూచినవారు. ఎరను వెంటనే గుర్తింతురు. వారు చేసిన మేలునకు ఇది చెల్లింపనియు తలచరాదు. బడిఫీజును పుస్తకముతో తీర్చలేము. తీర్చవలసిన పనియు లేదు. ఆ ఋణము మనము చక్కగ చదువుకొని, మన తరువాతివారికి చేయు సహాయముతో తీరును.

ఈ నీతి ఒక్క క్రిస్మసునకే చెందినది కాదు. సంక్రాంతినాడు తాతగారింటికి పోవు మనుమనికిని, పండుగనాడు పెద్దల ఆశీస్సులు కోరుటకు పోవు ప్రతి బాలునికిని ఇది చెందును. పండుగకు ఒక నెల ముందుగనే ఆ పెద్దవారిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. కిందటిసారి వారు ఏ మాట చెప్పుచు ఆగిపోయిరో, ఏ వస్తువును చేతబట్టి విడిచిరో, ఏ పాటను సగములో మరచిరో తలచుకొనుడు. మీరు ఈయదగిన కానుక అచ్చటనే దొరకును.

ప్రశ్నలు

1. ‘చంద్రునికొక నూలుపోగు’ అను మాటకు మూలమైన ఆచారమేది? దాని భావమేమి?

2. ఎల్లప్పుడు పుచ్చుకొనుచు ఎన్నడును ఈయనివానికి ఏమి నష్టము కలుగును?

3. వాల్డ్‌ఫోగెల్ తన లెక్కలోనుండి దేనిని తీసివేసెను? పేదబంధువునకు అది ఎట్లు ఉపయోగపడును?

4. కానుకను ఎన్నుకొనునపుడు వేసికొనవలసిన మూడు ప్రశ్నలు ఏవి?

5. “ఇందులో ఒక చరణము లేదే!” అని మేనత్తగారు అనినపుడు పిల్లల ముఖములు ఏల చిన్నవైనవి? ఆ లోపమువలన కలిగిన మేలు ఏమి?

6. మీ యింటిలోని ఒక వృద్ధ బంధువునకు మీరు స్వయముగ చేసి ఈయదగిన కానుకను గూర్చి పది వాక్యములు వ్రాయుడు.